హస్తవాసి అనగా నేమి? – మనోచికిత్సలో వైద్యుడు, రోగి

"ఆ డాక్టరు హస్తవాసి మంచిది" అని మన పల్లెలలో తెలుగువారు అంటారు. "ఉన్‌కే హాథ్ మే శిఫా హై" అని ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో అంటారు. భాషలు రెండైనా భావం ఒక్కటే. ఒకే మందును ఇద్దరు వైద్యులు ఇస్తే, ఒకరి చేతి మందు పని చేస్తుందని, మరొకరి చేతి మందు పని చేయదని జనం తరతరాలుగా నమ్ముతున్నారు. కల్హేరు నుండి నారాయణఖేడ్ వరకు ఏ ఊరిలో విచారించినా, దగ్గరి దవాఖానాను విడిచి, బస్సు ఎక్కి, దూరాన ఉన్న మరొక వైద్యుని వద్దకు పోయేవారు కనబడుతారు. కారణం అడిగితే హస్తవాసి అనియే చెప్పుతారు.

చదువుకొన్నవారు ఈ మాట విని నవ్వుతారు. మందులో గుణం ఉంటుంది గాని, చేతిలో ఏముంటుందని ప్రశ్నిస్తారు. విరిగిన ఎముక విషయంలో, మలేరియా జ్వరం విషయంలో ఈ ప్రశ్న చాలావరకు న్యాయమే. అయితే నలిగినది మనస్సు అయినప్పుడు, మందు మాటయే అయినప్పుడు, ఆ మాట ఎవరి నోటి నుండి వచ్చుచున్నదనే సంగతికి విలువ ఉన్నదా, లేదా? ఈ ప్రశ్నను మనోవైజ్ఞానికులు నూరేండ్లకు పైగా పరిశీలించినారు. వారు కనుగొన్న విషయాలను మన విద్యార్థులకు పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. మేము వైద్యులము కాము, భాషా సాహిత్యాలు బోధించేవారము. అయినను ఈ విషయం వ్రాయడానికి మాకొక కారణం ఉన్నది. దానిని ముందు చెప్పుకొంటాము.

ఒక విద్యార్థి కథ

కొన్ని సంవత్సరాల క్రితం మా తరగతిలో ఒక విద్యార్థి క్రమక్రమంగా మౌని అయినాడు. భోజనం తగ్గింది, నిద్ర పోయింది. పరీక్ష మాట ఎత్తితే గుండె దడ. అతని తండ్రి మా వద్దకు వచ్చి, "సార్, మీరే ఏదన్నా చెయ్యండి" అని కన్నీరు పెట్టుకొన్నాడు. మేము, ఆ తండ్రి కలిసి అతనిని ఒక పట్టణంలోని మనోవైద్యుని వద్దకు తీసుకొనిపోయినాము. వైద్యుడు ప్రశ్నలు అడిగినాడు. కొన్నింటికి మేము సమాధానం చెప్పినాము, కొన్నింటికి తండ్రి చెప్పినాడు. అయిదారు నిమిషాలలో చీటీ చేతికి వచ్చింది. తిరుగు ప్రయాణంలో బస్సు సంగారెడ్డి దాటిన తరువాత ఆ పిల్లవాడు మొదటిసారి నోరు విప్పి, "సార్, ఆయన నా మొగం సూడలే" అన్నాడు. వారం తిరుగకముందే మాత్రలు మానివేసినాడు.

ఆరు నెలలు గడిచినవి. పరిస్థితి మరింత చెడింది. అప్పుడు మరొక ఊరిలో ఉన్న మరొక వైద్యుని వద్దకు పోయినాము. ఆయన మొదట చేసిన పని మమ్మల్ని, తండ్రిని బయట కూర్చోబెట్టడం. తలుపు మూసిన తరువాత, మన ఇళ్ళలో పెద్దలు మాట్లాడే దక్కనీ ఉర్దూలోనే, "బేటా, రాత్ కో నీంద్ కైసీ ఆతీ?" అని అడిగినాడట. మొదటి రోజున పిల్లవాడు దాదాపు ఏమీ చెప్పలేదు. ఆయన తొందరపెట్టలేదు. మూడవసారి పోయినప్పుడు లోపల ఒక గంటసేపు ఉన్నాడు. బయటకు వచ్చినప్పుడు కండ్లు ఎర్రగా ఉన్నవి, ముఖం తేటగా ఉన్నది. ఇందులో విశేషమేమనగా, రెండవ వైద్యుడు పాత చీటీ చూసి అదే మాత్రను వ్రాసినాడు. ఈసారి పిల్లవాడు దానిని వేళ తప్పకుండా వేసుకొన్నాడు. ఆలస్యంగానైనా డిగ్రీ పూర్తి చేసినాడు.

మొదటి వైద్యునికి విద్య తక్కువ అని మేము అనము. ఆయన వ్రాసిన మందు సరియైనదే. ఆయన తప్పు ఎంత ఉన్నదో మా తప్పు కూడా అంతే ఉన్నది, పిల్లవానికి బదులుగా మేము మాట్లాడినాము గదా. ఒక కథ వలన శాస్త్రం సిద్ధించదు. కాని ఈ కథ మమ్ము పుస్తకాల వైపు నడిపింది. ఆ చదువు సారమే ఈ క్రింది భాగం.

పూర్వుల ఎరుక

మనోచికిత్స అనగా చికిత్సకుడు, రోగి ఒక నియమిత కాలంలో, ఒక నియమిత పద్ధతిలో సంభాషించుట ద్వారా రోగి బాధను, ప్రవర్తనను మార్చుటకు చేసే ప్రయత్నం. ఈ పేరు క్రొత్తది గాని ఆలోచన ప్రాచీనమే. చరకసంహిత చికిత్సకు నాలుగు పాదాలున్నవని చెప్పింది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనునవి ఆ నాలుగు. ఔషధం నాలిగింట ఒక పాదం మాత్రమే. మిగిలిన మూడు పాదాలూ మనుష్యులే. రోగుల పట్ల మైత్రి, కారుణ్యం వైద్యునికి ఉండవలెనని కూడా ఆ గ్రంథం విధించింది. చికిత్సలను మూడు రకాలుగా విభజించి, మూడవ దానికి సత్త్వావజయం అని పేరు పెట్టింది. హానికరమైన విషయాల నుండి మనస్సును మళ్ళించుటయే సత్త్వావజయం.

యూనానీ వైద్య సంప్రదాయంలోనూ ఇట్టి ఎరుక కనబడుతుంది. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యం, ఆత్మ ఆరోగ్యం అను రెండింటినీ ఒకే గ్రంథంలో చర్చించి, మనోవ్యాధులకు ప్రత్యేక విభాగం కేటాయించినాడు. ఇబ్న్ సీనా నాడి పట్టుకొని ప్రేమవ్యాధిని కనుగొనే పద్ధతిని తన 'కానూన్'లో వివరించినాడు. ఈ పద్ధతినే మౌలానా రూమీ తన 'మస్నవీ'లోని మొదటి కథకు ఆధారం చేసుకొన్నాడు. మన ఉర్దూ విభాగం విద్యార్థులకు ఆ కథ తెలిసినదే. రాజు ప్రేమించిన ఒక కన్య జబ్బుపడుతుంది. మొదట వచ్చిన వైద్యులు గర్వంతో మందులు ఇస్తారు, వ్యాధి పెరుగుతుంది. చివరకు వచ్చిన హకీమ్ ఇల్లంతా ఖాళీ చేయిస్తాడు. ఒంటరిగా ఆమె ప్రక్కన కూర్చొని, నాడిపై వ్రేలు ఉంచి, ఆమె ఊరు, బంధువులు, పరిచితులు ఎవరని నెమ్మదిగా అడుగుతాడు. సమర్కంద్ అను పేరు వచ్చినప్పుడు నాడి ఎగురుతుంది. ఆమె రహస్యాన్ని దాచుతానని హకీమ్ అభయం ఇస్తాడు.

ఈ కథను మనోచికిత్సా పాఠంగా చదివితే అందులో నాలుగు సూత్రాలు కనబడుతవి. ఏకాంతం, ఓపిక, రోగి లోకంలోని పేర్లతోనే సంభాషించడం, రహస్యాన్ని కాపాడుతానను వాగ్దానం. ఎనిమిది వందల ఏండ్ల క్రితపు కవి చెప్పిన ఈ నాలుగింటినీ నేటి పాఠ్యపుస్తకాలు కూడా వేరు మాటలలో చెప్పుచున్నవి.

పాశ్చాత్యుల పరిశీలన

వియన్నా నగరంలో బ్రోయర్, ఫ్రాయిడ్ అను వైద్యులు కలిసి 1895లో ఉన్మాద రోగుల గురించి ఒక గ్రంథం ప్రకటించినారు. మాట్లాడించుట వలన రోగలక్షణాలు తగ్గునని వారు అందులో చూపినారు. అయితే త్వరలోనే ఫ్రాయిడ్‌కు ఒక చిక్కు ఎదురైనది. రోగి తన బాల్యంలో తండ్రి పట్ల, తల్లి పట్ల అనుభవించిన ప్రేమను, భయాన్ని, కోపాన్ని తెలియకనే వైద్యుని మీదికి మరల్చుచున్నాడు. దీనిని మనం భావ బదలాయింపు అనవచ్చును. 1905లో ప్రకటించిన 'డోరా' అను యువతి కథలో, ఆమె చికిత్సను మధ్యలో విడిచి వెళ్ళడానికి ఈ బదలాయింపును తాను సకాలంలో గుర్తించకపోవడం కారణమని ఫ్రాయిడ్ స్వయంగా ఒప్పుకొన్నాడు. ఒక శాస్త్రజ్ఞుడు తన వైఫల్యాన్ని ఇట్లు అచ్చు వేయించడం గమనింపదగినది. ఆ వైఫల్యం నుండియే వైద్యుడు–రోగి సంబంధం అను అధ్యయనం పుట్టింది.

తరువాత అమెరికాలో కార్ల్ రోజర్స్ 1957లో మరొక అడుగు ముందుకు వేసినాడు. చికిత్సకుని విద్వత్తు కంటె అతని వైఖరి ముఖ్యమని ఆయన వాదం. మూడు గుణాలను ఆయన పేర్కొన్నాడు. మొదటిది నిష్కాపట్యం, అనగా లోపల ఒకటి, బయట ఒకటి లేకపోవడం. రెండవది నిబంధన లేని ఆదరణ, అనగా 'నీవు ఇట్లు ఉంటేనే నిన్ను గౌరవిస్తాను' అనకపోవడం. మూడవది సహానుభూతి. ఈ మూడవ గుణానికి ఉర్దూలో చక్కని మాట ఉన్నది. 'హమ్‌దర్ద్' అనగా దర్దును కూడా పంచుకొనేవాడు. జాలి పడేవాడు ఒడ్డున నిలిచి చూస్తాడు, హమ్‌దర్ద్ నీటిలోనికి దిగుతాడు, అయితే తాను మునగడు.

1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అను మనోవైజ్ఞానికుడు ఈ భావాలకు సులభమైన రూపం ఇచ్చినాడు. చికిత్సా బంధంలో మూడు అంగాలున్నవని ఆయన చెప్పినాడు. గమ్యం గురించి ఇద్దరికీ అంగీకారం ఉండవలె. ఆ గమ్యం చేరుటకు చేయవలసిన పనుల గురించి అంగీకారం ఉండవలె. ఇద్దరి మధ్య నమ్మకం, ఇష్టం ఉండవలె. ఒక ఉదాహరణ తీసుకొందాము. నిద్ర పట్టని విద్యార్థి వైద్యుని వద్దకు పోయినాడు. తనకు నిద్ర రావలెనని అతని కోరిక. అతడు తండ్రితో మాట్లాడవలెనని వైద్యుని కోరిక. గమ్యాలు వేరైనవి. లేదా గమ్యం ఒక్కటే అయినను, ప్రతిరోజూ ఒక పుస్తకంలో తన ఆలోచనలు వ్రాయుమని వైద్యుడు చెప్పినాడు, దాని వలన ఏమి లాభమో విద్యార్థికి అర్థం కాలేదు. పనిలో అంగీకారం లేదు. ఈ రెండూ కుదిరినను, ఈయన నన్ను చులకనగా చూచుచున్నాడని లోపల అనిపించినచో మూడవ అంగం లేదు. ముక్కాలి పీటకు ఒక కాలు విరిగితే ఏమగునో చికిత్సకు కూడా అదే అగును.

కొలతలు ఏమి చెప్పుచున్నవి

ఇష్టాన్ని, నమ్మకాన్ని కొలుచుట ఎట్లని విద్యార్థులు అడుగవచ్చును. హోర్వత్, గ్రీన్‌బర్గ్ అను ఇద్దరు పరిశోధకులు బోర్డిన్ చెప్పిన మూడు అంగాలపై 36 ప్రశ్నల పట్టికను 1989లో ప్రకటించినారు. రోగి ఒకటి, చికిత్సకుడు ఒకటి నింపుతారు. ఆ అంకెలను చికిత్స ఫలితంతో పోల్చి చూస్తారు. 1991లో 24 పరిశోధనలను, 2000లో 79 పరిశోధనలను కలిపి లెక్క వేసినారు. 2018లో ఫ్లూకిగర్, ఆయన సహచరులు 295 పరిశోధనలను, 30,000కు పైగా రోగుల వివరాలను సమీకరించినారు. బంధానికి, ఫలితానికి మధ్య సహసంబంధ గుణకం సుమారు 0.28 అని తేలింది. చికిత్సా పద్ధతి ఏదైనను, దేశం ఏదైనను ఈ సంబంధం నిలిచే ఉన్నది.

ఈ అంకెను సరిగా అర్థం చేసుకొనవలె. 0.28ను దానితోనే గుణిస్తే సుమారు 0.08 వస్తుంది. అనగా రోగుల ఫలితాలలో కనబడే తేడాలలో నూటికి ఎనిమిది పాళ్ళు ఈ బంధంతో ముడిపడి ఉన్నవి. ఎనిమిదే గదా అని అనుకొనరాదు. రోగి వ్యాధి తీవ్రత, ఇంటి పరిస్థితి, పేదరికం, కాలం వంటివి ఎన్నో మిగిలిన భాగంలో ఉన్నవి. చికిత్సకుని చేతిలో ఉన్న సాధనాలలో ఇంతటి స్థిరమైన ఫలితం చూపినవి కొన్నియే. అట్లని బంధమే సర్వస్వమని కూడా అనరాదు. ఎనిమిదిని ఎనిమిదిగానే చూడడం శాస్త్రదృష్టి.

ఇంకొక సందేహం కలదు. బంధం బాగుండుట వలన రోగం తగ్గినదా, లేక రోగం తగ్గుట వలన రోగికి వైద్యునిపై ఇష్టం కలిగినదా? ఇది మంచి ప్రశ్న. దీనికి సమాధానంగా పరిశోధకులు వారం వారం రెండింటినీ కొలిచి చూసినారు. బాణం రెండు వైపులా పోవుచున్నదని తెలిసింది. మేలు కలిగితే నమ్మకం పెరుగుతుంది, నమ్మకం పెరిగితే తరువాతి వారం మేలు కలుగుతుంది.

మందుల చికిత్సకు ఇది వర్తించదని భావించేవారికి 1996లో క్రుప్నిక్, సహచరులు ప్రకటించిన అధ్యయనం సమాధానం చెప్పుతుంది. అమెరికాలో మాంద్యరోగులపై జరిగిన ఒక పెద్ద పరిశోధనలో కొందరికి మాటల చికిత్స, కొందరికి మందు, కొందరికి మందు వలె కనబడే వట్టి మాత్ర ఇచ్చినారు. అన్ని వర్గాలలోనూ వైద్యునితో బంధం బాగున్నవారికి మేలు ఎక్కువ జరిగింది. మన పల్లెల హస్తవాసి మాటకు ఇంతకంటె దగ్గరి సాక్ష్యం మాకు కనబడలేదు.

అధ్యాపకులకు ఆసక్తి కలిగించే పరిశోధన మరొకటి ఉన్నది. స్ట్రప్, హాడ్లీ అనువారు 1979లో దానిని ప్రకటించినారు. దిగులు, ఆందోళనలతో బాధపడే కళాశాల విద్యార్థులలో కొందరిని అనుభవజ్ఞులైన చికిత్సకుల వద్దకు, మరికొందరిని మనోవైద్య శిక్షణ లేని కళాశాల ఆచార్యుల వద్దకు పంపినారు. ఆ ఆచార్యులు విద్యార్థులతో ఆత్మీయంగా ఉంటారని పేరు పొందినవారు. సగటున చూస్తే రెండు వర్గాల విద్యార్థులకు దాదాపు సమానంగా మేలు కలిగింది. అందువలన శిక్షణ అక్కర లేదని తీర్మానించరాదు. పరిశోధించినది తేలికపాటి బాధలు కలవారిని, ఆచార్యులు కూడా ఎంపిక చేయబడినవారు. కాని ఒక అధ్యాపకుడు చెవి ఒగ్గి వినుట వట్టిపోదని మాత్రం ఇది నిరూపించుచున్నది.

బంధం తెగినప్పుడు

బంధం ఎల్లప్పుడు సాఫీగా సాగదు. సాఫ్రాన్, మురాన్ అను పరిశోధకులు బంధం బీటలు వారే తీరులను రెండుగా విభజించినారు. ఒకటి ముడుచుకొనుట, రెండవది ఎదురు తిరుగుట. ఎదురు తిరిగే రోగిని గుర్తించుట సులభం. ముడుచుకొనే రోగియే కష్టం. అతడు తల ఊపుతాడు, "సరే సార్", "జీ సాబ్" అంటాడు, మరల రాడు. మన సమాజంలో పెద్దలకు ఎదురు చెప్పరాదనే మర్యాద ఉన్నది. కావున మన రోగులలో ఈ ముడుచుకొనే తీరు ఎక్కువ కనబడుతుందని మా అభిప్రాయం. తరగతిలో కూడా ఇదే జరుగుతుంది గదా! అర్థమైనదా అని అడిగితే అందరూ తల ఊపుతారు, పరీక్షలో తెల్ల కాగితం ఇస్తారు.

మంచి చికిత్సకుడు ఈ తల ఊపులను నమ్మడు. "నా మాట మీకు నచ్చినట్లు లేదు, చెప్పండి, నేను నొచ్చుకొనను" అని తానే అడుగుతాడు. తన పొరపాటు ఉంటే ఒప్పుకొంటాడు. బీట వారిన బంధాన్ని ఇట్లు అతికించగలిగిన చోట చికిత్స ఫలితం మెరుగుపడుచున్నదని పరిశోధనలు చెప్పుచున్నవి. పెద్దవాడు ఒకడు తన తప్పు ఒప్పుకొనుట కొందరు రోగులు జీవితంలో మొదటిసారి చూస్తారు. అది కూడా చికిత్సలో భాగమే.

మన దేశంలో, మన జిల్లాలో

పాశ్చాత్యుల పద్ధతిలో చికిత్సకుడు, రోగి సమానులుగా ఎదురెదురుగా కూర్చుంటారు. మన దేశంలో రోగి వైద్యుని గురువుగానో, తండ్రిగానో భావిస్తాడు. చండీగఢ్‌లో పనిచేసిన మనోవైద్యుడు, పంజాబీ కవి అయిన జస్వంత్ సింగ్ నేకీ ఈ భేదాన్ని గమనించి, గురుశిష్య సంబంధాన్ని చికిత్సకు నమూనాగా తీసుకొనవచ్చునని 1973లో ఒక ప్రసిద్ధ వ్యాసం వ్రాసినారు. ఆశ్రయించుట మన సంస్కృతిలో అవమానం కాదు. ఉస్తాదు మొదట చేయి పట్టి వ్రాయిస్తాడు, తరువాత చేయి విడిచిపెడతాడు. అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో విద్యాసాగర్ అను వైద్యుడు 1950 దశకంలో రోగుల కుటుంబాలను గుడారాలలో రోగులతోపాటే ఉంచి, బంధాన్ని ఇద్దరి మధ్య నుండి ఇంటిల్లిపాదికి విస్తరింపజేసినాడు. మన దేశంలో రోగి ఒంటరిగా రాడు. కావున కుటుంబాన్ని ఎప్పుడు లోపలికి పిలువవలెనో, ఎప్పుడు బయట కూర్చోబెట్టవలెనో తెలియుట మన వైద్యునికి ముఖ్యమైన విద్య.

మన ప్రాంతానికి సంబంధించిన సంగతి ఒకటి విద్యార్థులు తెలిసికొనవలె. కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో 1980 దశకంలో బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ ఒక ప్రయోగం చేసింది. పల్లెలలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, కార్యకర్తలకు మనోవైద్యంలో శిక్షణ ఇచ్చినారు. దాని నమూనాపై భారత ప్రభుత్వం 1996–97లో దేశం మొత్తంలో నాలుగు జిల్లాలలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభించింది. ఆ నాలిగింటిలో మెదక్ ఒకటి. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడేవరకు కల్హేరు, నారాయణఖేడ్ మెదక్ జిల్లాలోనివే. అనగా పల్లె వాకిటికి మనోవైద్యం తేవలెనను ప్రయత్నంలో మన జిల్లా దేశానికే మొదటి వరుసలో ఉండినది.

ఈ మార్గం సరియైనదని గోవాలో జరిగిన ఒక పరిశోధన చూపింది. విక్రమ్ పటేల్, సహచరులు 495 మంది మాంద్యరోగులను తీసుకొని, కొందరికి సాధారణ వైద్యంతోపాటు, కొద్దిపాటి శిక్షణ పొందిన స్థానిక సలహాదారులతో ఆరు నుండి ఎనిమిది సంభాషణలు ఏర్పాటు చేసినారు. ఆ సలహాదారులు మనోవైద్యపట్టాలు లేని సామాన్యులు, స్థానిక భాష మాట్లాడేవారు. మూడు నెలల తరువాత సలహాదారుల సహాయం పొందినవారిలో నూటికి 64 మందికి మాంద్యం తగ్గింది. సాధారణ వైద్యం మాత్రమే పొందినవారిలో 39 మందికే తగ్గింది. ఈ ఫలితాలు 2016 చివర 'లాన్సెట్' పత్రికలో వెలువడినవి.

ఇక్కడ భాష అను ప్రశ్న వస్తుంది. మన నారాయణఖేడ్ ప్రాంతం తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ కలిసిన సరిహద్దు నేల. తండాలలో లంబాడీ మాట్లాడుతారు. బాధ తల్లి నేర్పిన భాషలోనే బయటకు వస్తుంది. "దిల్ ఘబ్రా రహా హై" అన్న తల్లి మాటను, "పానం మంచిగ లేదు" అన్న రైతు మాటను పుస్తక భాషలోనికి మార్చితే సగం అర్థం దారిలోనే జారిపోతుంది. గుండె అని చెప్పినప్పుడు వారు చెప్పేది గుండె గురించి కాకపోవచ్చును. దీనిని పట్టుకొనగల చెవి ఉన్న వైద్యునికే హస్తవాసి అబ్బుతుంది.

మరొక అడ్డంకి సిగ్గు. హైదరాబాదులోని ఎర్రగడ్డ ఒక పేట పేరు. అక్కడ మానసిక వైద్యశాల ఉన్నందున ఆ పేరును మన వాళ్ళు తిట్టుగా మార్చినారు. "నిన్ను ఎర్రగడ్డకు పంపాలె" అని తరగతి గదిలో సైతం హాస్యమాడుట మేము విన్నాము. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో వయోజనులలో నూటికి సుమారు పదిమందికి ఏదో ఒక మానసిక బాధ ఉన్నది. ఆ లెక్కన ఆ హాస్యం వినే అరవైమందిలో కొందరు లోపల నలుగుచుండవచ్చును. వారు ఆ రోజు నుండి నోరు విప్పరు.

దర్గాలకు, గుడులకు పోయేవారిని గురించి కూడా ఒక మాట. అక్కడ దొరికే ఓదార్పును చిన్నచూపు చూడరాదు. రోగి దర్గాకు పోయి వచ్చినానని చెప్పినప్పుడు ఎగతాళి చేసిన వైద్యుడు ఆ రోగిని పోగొట్టుకొంటాడు. అయితే ఓదార్పు వేరు, సంకెళ్ళు వేరు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రయగృహానికి నిప్పంటుకొని, గొలుసులతో కట్టబడిన 28 మంది రోగులు తప్పించుకొనలేక మరణించినారు. బంధం అను మాటకు మన భాషలో రెండు అర్థాలున్నవి. ఒకటి మనిషిని మనిషితో కలుపుతుంది, రెండవది మనిషిని స్తంభానికి కట్టుతుంది. మొదటి బంధం కరువైన చోటనే రెండవది వచ్చి చేరుతుంది.

బంధానికి హద్దులు

చికిత్సా బంధం స్నేహం కాదు, బంధుత్వం కాదు. చికిత్సకుడు రోగితో అప్పులు, వ్యాపారం, ప్రేమ వ్యవహారాలు నడుపరాదు. అతడు విన్నది అతని వద్దనే ఉండవలె. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. ప్రాణానికి అపాయం వంటి కొన్ని సందర్భాలలో మాత్రమే మినహాయింపులున్నవి. తీవ్రమైన మనోవ్యాధులకు మందు అవసరం. తీయని మాటలతో మాత్రమే అవి నయం కావు. అక్కడ కూడా బంధానికి పని ఉన్నది, మందు మానకుండా చూచునది ఆ బంధమే. మంచి చికిత్సకుడు రోగిని తనపై శాశ్వతంగా ఆధారపడనివ్వడు. తాను అక్కరలేని రోజు కొరకు పనిచేస్తాడు. ఈ విషయంలో అతడు అధ్యాపకునికి సోదరుడు.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! మీలో ఎవరికైనా, మీ ఇంటిలో ఎవరికైనా ఇట్టి అవసరం కలిగినచో మూడు సంగతులు జ్ఞాపకం ఉంచుకొనండి. ఒకసారి పోయి, కుదరలేదని చికిత్సనే విడువకండి. రెండు మూడు సార్లు చూడండి. నచ్చనిది ఉంటే వైద్యునితోనే చెప్పండి, చెప్పుట అమర్యాద కాదు. అప్పటికీ మనస్సు కలియకపోతే వైద్యుని మార్చండి గాని వైద్యాన్ని మానకండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడవలెనని అనిపించినచో, 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యపై రుసుము లేకుండా ఫోను చేయవచ్చును.

కళాశాల పాలకవర్గం వారికి మా విన్నపం ఒకటి. గ్రంథాలయం ప్రక్కన ఒక చిన్న గది, దానికి మూసికొనే తలుపు, వారానికి ఒక్క రోజైనా తెలుగు, ఉర్దూ రెండూ తెలిసిన ఒక సలహాదారు మాకు కావలె. ఆ గదిలోనికి ఎవరు పోయినారో ఏ రిజిస్టరులోనూ, ఏ సర్టిఫికెట్టులోనూ వ్రాయరాదు. దీనికి అయ్యే ఖర్చు ఒక వార్షికోత్సవపు పందిరి ఖర్చును మించదు. మా విద్యార్థికి ఆరు నెలలు వృథా అయినవి. అటువంటి గది ఉండినచో అవి మిగిలేవని మా నమ్మకం.

హస్తవాసి అనగా నేమి అను ప్రశ్నతో మొదలుపెట్టినాము. అది చేతిరేఖలో లేదు, అదృష్టంలో లేదు. ముఖం చూసి మాట్లాడుట, ఓపికతో వినుట, రహస్యం దాచుట, తప్పు జరిగితే ఒప్పుకొనుట, వేళకు చేయి విడుచుట. ఈ అయిదూ కలిసిన చేతినే మన పెద్దలు శిఫా ఉన్న చేయి అన్నారు. ఇవి నేర్చుకొంటే వచ్చే విద్యలు. వైద్యులే కాక అధ్యాపకులు, తల్లిదండ్రులు, తోటి విద్యార్థులు కూడా వీనిని అభ్యసించవచ్చును.